నవ్వుతూ పడిపోయే లెఫ్టినెంట్

ఆల్విన్ కూంకె అప్పటికి పద్దెనిమిది సినిమాల్లో చచ్చిపోయాడు. అన్నింట్లోనూ లెఫ్టినెంటుగానే. గుండె పట్టుకోవడం, ఒక మోకాలి మీదికి ఒరగడం, తల పైకెత్తి చిన్నగా నవ్వడం, ఆ నవ్వుతోనే పక్కకు వాలిపోవడం. బెర్లిన్‌లో ఆ చావును అంత అందంగా చావగలిగినవాడు ఇంకొకడు లేడని కంపెనీ యజమాని అందరికీ చెప్పుకునేవాడు.

మాగ్డెబుర్గ్‌లో గుర్రపు జీనులు కుట్టే ఇంట పుట్టిన మనిషి ఆల్విన్. నాటకాల్లో చేరదామని బెర్లిన్ వచ్చాడు. ఎత్తు ఉంది, ముఖం ఉంది, గొంతు మాత్రం లేదు. మూడో వరసకు వినిపించని పీల గొంతు. రెండు థియేటర్లవాళ్ళు పొమ్మన్నాక, మాటలతో పనిలేని సినిమా అతన్ని రమ్మంది. కూంకె అనే పేరు జనానికి రుచించదని యజమాని దాన్ని తీసిపారేసి, 'ఆల్విన్ ఫాన్ రేడెన్' అని పెట్టాడు. ఆ 'ఫాన్'తో జీనుల కొట్టు కొడుకు ఒక్కరోజులో జమీందారీ వంశీకుడయ్యాడు. యుద్ధం వచ్చింది. ఇతను సైన్యంలో ఉండడం కన్నా తెర మీద ఉండడమే దేశానికి మేలని సైనికాధికారులకు కంపెనీ ఉత్తరం రాసింది. అధికారులు ఒప్పుకున్నారు. నాలుగేళ్ళూ ఆల్విన్ చెక్క పిస్తోలుతోనే యుద్ధం చేశాడు.

యుద్ధంలో జర్మనీ ఓడిపోయింది. చక్రవర్తి కైజర్ పారిపోయాడు. 1919 జనవరిలో బెర్లిన్ వీధుల్లో సర్కారు సైన్యానికీ, తిరుగుబాటు కార్మికులకూ కాల్పులు మొదలైన నాలుగో రోజు పొద్దున, ఆల్విన్ టోపీ తీసుకుంటుంటే భార్య హెడ్విగ్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి?"

"స్టూడియోకి. ఒక్క షాటే మిగిలింది. అది అయిపోతే సెట్టు పీకేస్తారు."

"ఊళ్ళో జనం నిజంగా చస్తుంటే నువ్వు పోయి ఉత్తుత్తి చావు చస్తావా?"

"మామూలు బట్టల్లోనేగా వెళ్తున్నాను. నన్నెవడు పట్టించుకుంటాడు?"

"వేషం అక్కడే తీసేసి రా. ఆఫీసరు బట్టలు కనిపిస్తే చాలు, పట్టుకుని చంపేస్తున్నారు. విన్నావా?"

"విన్నాను."

హెడ్విగ్ పక్కకు తప్పుకుంది గానీ, మెట్లు దిగేదాకా అతని వీపు మీంచి చూపు తిప్పలేదు.

స్టూడియో ఫ్రీడ్రిఖ్‌స్ట్రాసె దక్షిణపు కొసన, ఐదంతస్తుల ఇంటి మీద కట్టిన గాజు షెడ్డు. వెనక వీధిలో ఒక వార్తాపత్రిక భవనాన్ని తిరుగుబాటుదారులు ఆక్రమించి కూర్చున్నారు. ఉండుండి అటు నుంచి తుపాకుల మోత వస్తోంది. దర్శకుడు రైమాన్ ఆ మోతను వర్షం చప్పుడులా తీసుకున్నాడు.

"ఇంకా మంచిది, ఫాన్ రేడెన్ గారూ. యుద్ధరంగం వాతావరణం ఉచితంగా వస్తోంది. పడండి."

ఆల్విన్ గుండె పట్టుకున్నాడు. మోకాలి మీదికి ఒరిగాడు. తల పైకెత్తిన క్షణాన పైకప్పు గాజు పలక ఒకటి పగిలి, అతని పక్కనున్న దీపం పేలిపోయింది. కెమెరా తిప్పుతున్నవాడు కెమెరాను వదిలేసి బల్ల కింద దూరాడు. ఇంకో తూటా. గాజు ముక్కలు జల్లుగా పడ్డాయి. ఎవరో ఎదురింటి కప్పు మీంచి, ఈ షెడ్డులో సైన్యం దాక్కుందనుకుని కాలుస్తున్నారు. నిజానికి అద్దాల్లోంచి వాళ్ళకు కనిపించింది ఆల్విన్ యూనిఫారమే.

బట్టలు మార్చుకునే గది షెడ్డు అవతలి కొసన ఉంది. అక్కడికి పోవాలంటే నలభై అడుగుల గాజు కింద పరిగెత్తాలి. ఆల్విన్ తలుపు దగ్గర వేలాడుతున్న రైమాన్ ఓవర్‌కోటు లాక్కుని యూనిఫారం మీద వేసుకుని మెట్లు దిగాడు. కోటు మోకాళ్ళ దాకా కూడా రాలేదు. కింద బూట్లు తళతళా మెరుస్తూనే ఉన్నాయి. మడమలకున్న, గుర్రాన్ని అదిలించే ఇనుప ముళ్ళు ప్రతి మెట్టు మీదా గలగలమన్నాయి. మూడో అంతస్తులో కూర్చుని వాటిని ఊడదీసి పడేశాడు. ముఖానికున్న తెల్ల రంగును చేతిరుమాలుతో తుడుచుకుంటే సగమే పోయింది.

వీధి తలుపుకు ఇంటి కాపలాదారు అడ్డగడియ వేసేసి ఎటో పోయాడు. మిగిలింది పెరటి దారే. బెర్లిన్ పెరళ్ళు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తెరుచుకుంటూ పోతాయి. మొదటి పెరట్లో ఎవరూ లేరు. రెండోదాంట్లో బొగ్గు గుట్ట. మూడో దాంట్లోకి కాలు పెట్టగానే, మనిషెత్తు కాగితం చుట్టల గోడ వెనక నుంచి ఒక తుపాకీ గొట్టం అతని మెడ మీదికి వచ్చింది. పత్రిక అచ్చు వేసే కాగితం చుట్టలవి. తను ఆ భవనం వెనక పెరట్లోకే వచ్చి పడ్డాడని అప్పుడు అర్థమైంది.

"చేతులు పైకి."

చేతులెత్తితే కోటు విచ్చుకుంది. లోపలి బంగారు జరీ కాలరు బయటపడింది.

పెరట్లో పదిమంది దాకా ఉన్నారు. అందరికీ నాయకుడిలా ఉన్నవాడు పొట్టిగా, భుజాలు వెడల్పుగా, పాత సైనిక కోటు మీద ఎర్ర గుడ్డ కట్టుకుని ఉన్నాడు. అతన్ని అందరూ పాష్కె అని పిలుస్తున్నారు. అతను నింపాదిగా దగ్గరికొచ్చి ఆల్విన్ బుగ్గ మీద వేలితో గీసి, వేలికంటిన తెల్ల రంగు చూసుకున్నాడు.

"ఏమిటిది లెఫ్టినెంట్ గారూ? పెళ్ళికి ముస్తాబా?"

"నేను లెఫ్టినెంటును కాను. నటుణ్ణి. సినిమా నటుణ్ణి. ఇది వేషం."

"వేషమని తెలుస్తూనే ఉంది. కాగితాలు చూపించు."

కాగితమంటే స్టూడియో గుర్తింపు కార్డు ఒక్కటే యూనిఫారం జేబులో ఉంది. పాష్కె దాన్ని పైకి చదివాడు. "ఆల్విన్... ఫాన్... రేడెన్." 'ఫాన్' అన్నచోట ఆగాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో సరదా లేదు.

"అది కంపెనీ పెట్టిన పేరు. నా అసలు పేరు కూంకె. మా నాన్న జీనులు కుడతాడు."

"నిన్న దొరికినవాడు మా నాన్న పాలు పోస్తాడన్నాడు. జేబులో మా మెషిన్‌గన్లు ఎక్కడున్నాయో బొమ్మ గీసి పెట్టుకున్నాడు." పాష్కె ఒక రైఫిల్ తీసి ఆల్విన్ చేతుల్లో పెట్టాడు. పక్కనున్న ఇద్దరు వెంటనే తమ తుపాకులు అతని పక్కటెముకలకు ఆనించారు. "తూటాలు నింపు."

ఆల్విన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఏదో పిడి లాగాడు, అది కదల్లేదు. మరోటి నొక్కాడు. చెమట రంగులో కలిసి కళ్ళలోకి కారింది. "నాకు రాదు," అన్నాడు.

"చూశావా పాష్కె, నిజంగానే రాదు," అన్నాడొకడు.

"నటుణ్ణంటున్నాడు కదరా. రానట్టు నటించలేడా?"

ఆ మాటతో ఆల్విన్‌కు తన సంగతి అర్థమైంది. ఏం చేసినా నటనే అంటారు. నిజం చెప్తే బాగా నటించాడంటారు, తడబడితే ఇంకా బాగా నటించాడంటారు. గోడ దగ్గరికి నడవమన్నారు. నడిచాడు. ఆ గోడకు నడుమెత్తులో కొత్తగా పెచ్చులూడిన గుర్తులు ఆరేడు ఉన్నాయి.

అప్పుడే భవనంలోంచి ఒక ఆడమనిషి సూప్ కుండతో బయటికొచ్చింది. నలభై దాటిన మనిషి, తలకు ఊలు శాలువా, చేతులకు వేళ్ళు లేని తొడుగులు. ఆమె కుండ కింద పెట్టి, గోడ దగ్గరున్నవాణ్ణి చూసి, మరి రెండడుగులు వేసి చూసింది.

"ఆగండాగండి. ఇతను నాకు తెలుసు."

"నీకెలా తెలుసు మటిల్డా?"

"వెడ్డింగ్ పేటలో నేను పియానో వాయించిన సినిమా హాల్లో ఇతని బొమ్మలే ఆడేవి. నాలుగేళ్ళు నా ఎదురుగా ఇంతెత్తు ముఖం వేసుకుని నిలబడ్డాడు. తెలియకేం?" మటిల్డా ఆల్విన్ గడ్డం పట్టి పక్కకు తిప్పింది. "ఇతనే. ఆఫీసరూ కాదు, పాడూ కాదు. ఉట్టి సినిమా మనిషి."

ఆల్విన్ ఊపిరి వదిలాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది. తుపాకులు ఒక్కొక్కటే దిగాయి.

పాష్కెది మాత్రం దిగలేదు. అతని ముఖం మెల్లగా మారిపోతోంది.

"ఏ బొమ్మలు?" అన్నాడు.

మటిల్డా ఏదో గ్రహించి కుండ వైపు తిరిగింది.

"జెండా పట్టుకుని చచ్చేది. 1915లో వచ్చింది. దాంట్లోవాడేనా?"

"పాష్కె, సూప్ చల్లారిపోతోంది."

"నేను ఇతన్ని అడుగుతున్నా."

"నేనే," అన్నాడు ఆల్విన్. అబద్ధమాడి లాభం లేదు. ఆ ముఖమే కార్డు మీదా ఉంది.

పాష్కె తలాడించాడు. చాలాసేపు తలాడిస్తూనే ఉన్నాడు. "మా ఎమిల్ అది మూడుసార్లు చూశాడు. మా తమ్ముడు. బేకరీలో పని. హాలు వాకిట్లోనే బల్ల వేసుకుని సైన్యంలో పేర్లు రాసుకునేవాళ్ళు. మూడోసారి చూసి బయటికొచ్చి సంతకం పెట్టాడు. పద్దెనిమిది కూడా నిండలేదు. ఇంటికొచ్చి మా అమ్మ ముందు నీలాగే పడి చూపించాడు, వంటింట్లో." రైఫిల్ గొట్టంతో నేల చూపించాడు. "చూపించు. ఎలా చచ్చావో."

"వద్దు."

"చూపించు."

ఆల్విన్ గుండె పట్టుకున్నాడు. ఇంకేం చేయాలో అతనికి తోచలేదు. శరీరమే చేసుకుపోయింది. మోకాలి మీదికి ఒరిగాడు. తల ఎత్తాడు. నవ్వాడు. బురద మంచులో పక్కకు వాలాడు. భయంతో దవడలు బిగుసుకుపోయి, ఎంత ప్రయత్నించినా ఆ నవ్వు ముఖం మీంచి పోలేదు. పాష్కె అతని మీదికి వంగాడు.

"మా ఎమిల్ నవ్వలేదు. ఫ్రాన్సులో, వెర్దన్ దగ్గర పోయాడు. అప్పటికి నన్నూ పిలిచేశారు, ఇద్దరం ఒకే పటాలం. నేను పక్కనే ఉన్నా. కడుపులో తగిలింది. పొద్దున తగిలితే మధ్యాహ్నం దాకా ఉన్నాడు. చేతులతో మట్టి తవ్వుకుంటూనే ఉన్నాడు, దాంట్లోకి దూరదామన్నట్టు. నన్ను గుర్తుపట్టలేదు. చివర్లో బేకరీకి ఆలస్యమైందని ఏడ్చాడు." రైఫిల్ బోల్టు లాగాడు. "నీకు తెలుసా అలా ఉంటుందని?"

"తెలీదు."

"తెలీకుండా ఎలా చేశావురా మరి?"

"నేనెప్పుడూ చూడలేదు. అసలు యుద్ధానికే పోలేదు. కంపెనీ ఉత్తరం రాసి నన్ను ఆపించింది. దర్శకుడు నవ్వమన్నాడు, నవ్వాను. బాగుందన్నారు." ఆల్విన్ పీల గొంతు పెరడంతా వినిపించింది. "మళ్ళీ మళ్ళీ చేశాను."

పాష్కె రైఫిల్ భుజానికెత్తాడు. మటిల్డా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడలేదు. ఆల్విన్ పక్కన, గోడ వైపు వెళ్ళి నిలబడింది.

"ఏమిటిది?" అన్నాడు పాష్కె.

"అతను పడేటప్పుడు సైన్యం మార్చ్ పాట వాయించింది నేను. ఎన్నిసార్లో లెక్కలేదు. ఆ చోట గట్టిగా వాయించమని హాలు యజమాని చెప్పేవాడు. నేను అతను చెప్పినదానికన్నా గట్టిగా వాయించేదాన్ని. జనం లేచి నిలబడేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది. మీ ఎమిల్ చూసినప్పుడూ పియానో ముందు నేనే ఉండి ఉంటాను. కాల్చదలుచుకుంటే వరసగా కాల్చు."

"పక్కకు రా మటిల్డా."

"రాను."

వీధి వైపు నుంచి మెషిన్‌గన్ ఒక్కసారిగా మోగింది. మూడో అంతస్తు కిటికీలోంచి ఎవరో పాష్కెను కేకేశారు. అతను కదల్లేదు. గొట్టం ఆల్విన్ నుదుటికి ఎదురుగానే ఉంది. మళ్ళీ కేక వచ్చింది. చివరికి తుపాకీ దించి, ఆల్విన్ ముఖం చూడకుండా, "తీసుకుపో. నేను తిరిగొచ్చేసరికి వీడు ఇక్కడుంటే చంపేస్తాను," అని లోపలికి పరిగెత్తాడు.

మటిల్డా అతని ఓవర్‌కోటూ యూనిఫారం కోటూ విప్పించి, అచ్చు కార్మికుల నీలం చొక్కా ఒకటి తొడిగింది. సిరా మరకలు కట్టి అట్టలా ఉంది. బూట్లకు బదులు ఇవ్వడానికి ఆ పెరట్లో రెండో జత లేదు.

"ఆ సందులోంచి పో. గోడ పక్కనే పో. పరిగెత్తకు."

"మీరూ వచ్చేయండి," అన్నాడు ఆల్విన్.

"సూప్ ఎవరు పోస్తారు?" అంది. అతన్ని సందులోకి తోసి వెనక్కి తిరిగింది.

సందు చివర వీధి దాటగానే ఉక్కు టోపీల సైనికులు నలుగురు అతన్ని పట్టుకున్నారు. వీళ్ళు సర్కారు వైపువాళ్ళు. సార్జెంటు ముందు నీలం చొక్కా చూశాడు, తరవాత బూట్లు చూశాడు.

"మంచి బూట్లే. ఏ ఆఫీసరు కాళ్ళ నుంచి లాగావురా?"

ఆల్విన్ నోరు తెరిచేలోపే తుపాకీ మడమ కడుపులో దిగింది. వంగిపోయాడు. "గోడ దగ్గరికి ఈడ్చండి," అన్నాడు సార్జెంటు. గంటలో రెండోసారి గోడ. నటుణ్ణని చెబితే వీళ్ళు మాత్రం నమ్ముతారా? పైగా తన గొంతు వింటే ఎవడికైనా తెలిసిపోతుంది, ఆజ్ఞలిచ్చే గొంతు కాదని.

అతను నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. వంగినప్పుడు పళ్ళ కింద పడి చిట్లిన పెదవి రక్తం వేలి కొసతో తుడుచుకున్నాడు. మాట్లాడలేదు. సార్జెంటు మెడ దగ్గర పెట్టుకోకుండా వదిలేసిన గుండీ వైపు చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. కనుబొమ్మ కొంచెం, చాలా కొంచెం ఎత్తాడు. సార్జెంటు చెయ్యి దానంతటదే మెడ దగ్గరికెళ్ళి గుండీ పెట్టుకుంది. అది పెట్టుకున్నాక అతని మడమలు ఒకదానికొకటి తాకాయి.

"క్షమించాలి సార్. మారువేషంలో లోపలి నుంచి వస్తున్నారని తెలీలేదు." గొంతు తగ్గించి, "ఎంతమంది ఉన్నారు సార్? మెషిన్‌గన్ ఎటు పెట్టారు? వెనక పెరటి నుంచి దూరవచ్చా?"

ఆల్విన్‌కు తెలుసు. పెరట్లో కాగితం చుట్టల మీద ఎడమ పక్కన పెట్టారు దాన్ని. చెప్తే వీళ్ళు కుడి పక్క నుంచి దూరి పెరడంతా తుడిచిపెట్టేస్తారు, కుండ దగ్గరున్న మనిషితో సహా. లేదని అబద్ధం చెప్తే ఈ నలుగురూ దానికి ఎదురుగా పోయి పడతారు. అందులో ఒకడికి మీసాలు కూడా సరిగా రాలేదు. ముక్కు చీదుకుంటూ అతని వైపే ఆశగా చూస్తున్నాడు.

"నా రిపోర్టు మీకు కాదు," అన్నాడు ఆల్విన్, వీలైనంత తక్కువ గొంతుతో. "ఆజ్ఞ వచ్చేదాకా పెరటి వైపు పోకండి."

సార్జెంటు సెల్యూట్ చేశాడు. ఆల్విన్ వాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళాడు. వీధి మలుపు తిరిగాక పరిగెత్తాడు.

రెండు రోజుల తరవాత ఫిరంగులు తెచ్చి ఆ భవనాన్ని కొట్టారు. వంటింట్లో కూర్చున్న ఆల్విన్‌కు, హెడ్విగ్‌కు పళ్ళేలు కదిలేంత మోత వినిపించింది. అతను జరిగిందంతా చెప్పాడు.

"నేను చెప్పి ఉంటే?" అన్నాడు ఆల్విన్.

"ఏం చెప్పి ఉంటే?"

"ఏదో ఒకటి."

"ఏది చెప్పినా ఎవరో ఒకరు పోయేవాళ్ళు. చెప్పకపోయినా పోయారు." ఆమె అతని కప్పులో చికోరీ కాఫీ పోసింది. "నన్నేం చెప్పమంటావు ఆల్విన్? నువ్వు ఇంటికొచ్చావు. నాకు అంతే తెలుసు."

లొంగిపోయినవాళ్ళలో కొందరిని సైనికుల బ్యారక్‌లలో కాల్చారని పేపర్లు రాశాయి. పేర్లు అన్నీ రాయలేదు. పాష్కె సంగతి గానీ మటిల్డా సంగతి గానీ ఆల్విన్‌కు ఎప్పటికీ తెలియలేదు. చాన్నాళ్ళు అడిగి చూశాడు, తరవాత అడగడం మానేశాడు.

ఫిబ్రవరిలో గాజు పలకలు మార్చి, మిగిలిపోయిన షాటు తీద్దామని కంపెనీ కబురు చేసింది. ఆల్విన్ వెళ్ళాడు. రైమాన్ "పడండి" అన్నాడు. ఆల్విన్ పడ్డాడు, ఈసారి కడుపు పట్టుకుని. నేల గీరాడు. ఎవరినో చూస్తున్నట్టు చూసి, ఎవరో తెలియనట్టు ముఖం తిప్పుకున్నాడు. కెమెరా తిప్పుతున్నవాడు యుద్ధం నుంచి కొత్తగా తిరిగొచ్చినవాడు. అతను చెయ్యి ఆపేసి బయటికి వెళ్ళిపోయాడు.

"ఇదేమిటి ఫాన్ రేడెన్ గారూ? నవ్వు ఏదీ?" అన్నాడు రైమాన్.

"నవ్వరండీ. నవ్వరట."

"ఎవరు చెప్పారు?"

"చూసినవాడు చెప్పాడు."

రైమాన్ బతిమాలాడు, తరవాత అరిచాడు. యజమాని వచ్చి, విధవరాళ్ళు టికెట్టు కొని మరీ దీన్ని చూస్తారా అని అడిగాడు. ఆల్విన్ ఇంకోసారి తీయడానికి ఒప్పుకున్నాడు. ఇంకోసారీ అలాగే పడ్డాడు. సాయంత్రం లోపు అతని పోస్టర్లు వాకిట్లోంచి తీసేశారు. వేరే నటుణ్ణి వెనక నుంచి చూపించి సినిమా పూర్తి చేశారు.

ఆ తరవాత ఆల్విన్ కూంకె పన్నెండేళ్ళు సినిమాల్లోనే ఉన్నాడు. సినిమాలకు మాటలొచ్చేదాకా. లెఫ్టినెంటు వేషం మాత్రం మళ్ళీ కట్టలేదు. వెయిటరు, ట్రాము కండక్టరు, కోర్టు గుమస్తా, శవపేటిక మోసే నలుగురిలో ఒకడు. పేరు వేసినప్పుడు చివర్న వేసేవాళ్ళు, చాలాసార్లు అదీ లేదు. ఒక సినిమాలో, యుద్ధంలో కొడుకు పోయాడన్న తంతి తెచ్చే పోస్ట్‌మాన్‌గా చేశాడు. తలుపు తట్టి తంతి ఇచ్చి పోవడమే పని. అతను తట్టడానికి చెయ్యెత్తి ఆగిపోయాడు. టోపీ సర్దుకున్నాడు. మళ్ళీ చెయ్యెత్తాడు, మళ్ళీ ఆగాడు. కుర్ర దర్శకుడు చిరాకుపడి, రాసినదాంట్లో అది లేదే, ఎందుకాగారని అడిగాడు.

"తలుపు తీసేదెవరో తెలీదు కదండీ," అన్నాడు ఆల్విన్. "తల్లే తీసిందనుకోండి."

దర్శకుడు ఆ ముక్క ఉండనివ్వమన్నాడు.